రష్యన్ భాష రాకుండా రష్యన్ సాహిత్యం పేపరు: ఏ అనువాదం, ఎలా చదవాలి, డిసర్టేషనుకి ఏం తీసుకోవాలి?

మద్దిలపాలెం_పాఠకురాలు

అందరికీ నమస్కారం. విశాఖలో ఎంఏ ఇంగ్లీషు చదివేవాళ్ళకి పనికొచ్చే ప్రశ్న కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. రష్యన్ సాహిత్యం, సంస్కృతి మీద ఒక ఎలెక్టివ్ ఉంది. గొగోల్ 'ఓవర్‌కోటు', దోస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష', టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి'లో ఎంపిక చేసిన భాగాలు, చెహోవ్ 'చెర్రీ తోట', బుల్గాకోవ్ 'మాస్టర్ అండ్ మార్గరీటా'. అన్నీ ఇంగ్లీషు అనువాదంలోనే. భాష నేర్పరు. దీని తర్వాత సెమిస్టరులో డిసర్టేషను.

నా సందేహాలు ఇవీ. మూలం చదవకుండా రాసిన పేపరుకి విలువ ఉంటుందా? వైవాలో "రష్యన్ రాదు కదా, శైలి గురించి ఎలా రాశారు?" అంటే ఏం చెప్పాలి? ఒక్కో పుస్తకానికి నాలుగైదు ఇంగ్లీషు అనువాదాలు కనిపిస్తున్నాయి, వాటిలో దేన్ని పట్టుకోవాలి? తెలుగు అనువాదాలు పక్కన పెట్టుకుంటే ఉపయోగమా, గందరగోళమా? చివరగా, భాష రాకుండా నిజాయితీగా చేయగల డిసర్టేషను అంశాలు ఏమైనా ఉంటే చెప్పగలరు.

అనువాద_పాఠం

విలువ తప్పకుండా ఉంటుందండీ. కాకపోతే మీ వాదానికి ఆధారం ఎక్కడుందో ప్రతి పేరాలోనూ మీకు తెలిసుండాలి. ఆధారం కథలో, నిర్మాణంలో ఉంటే అనువాదంలో చెడదు. మాటలో, మాట మోగే తీరులో ఉంటే చెడుతుంది.

'నేరము-శిక్ష' (1866) తీసుకోండి. ఆరు భాగాలు, ఒక ఉపసంహారం. హత్య మొదటి భాగం చివరికే అయిపోతుంది. మిగతా అయిదు భాగాలూ శిక్షే. అంటే పేరులో రెండు మాటలకీ సమాన వాటా లేదు. ఈ మాట చెప్పడానికి రష్యన్ అక్కర్లేదు. కథానాయకుడు రస్కోల్నికోవ్ గదినుంచి అతను చంపబోయే ముసలమ్మ ఇంటికి 730 అడుగులని అతను ముందే లెక్కపెట్టుకుని ఉంటాడు. నేరాన్ని కొలతల్లో పెట్టుకున్న బుర్ర అది. ఏ అనువాదంలో చూసినా ఆ 730 అలాగే ఉంటుంది. ఇలాంటి ఆధారాల మీద మీరు ధైర్యంగా ఇల్లు కట్టుకోవచ్చు.

'ఓవర్‌కోటు' (1842) దగ్గరికి వచ్చేసరికి సగం పోతుంది. కథ చెప్పేవాడు తడబడుతూ, పక్కదారులు పడుతూ, అర్థం లేని చిన్న చిన్న మాటలు ఇరికిస్తూ చెబుతాడు. ఇలా నోటితో చెబుతున్నట్టే రాసే పద్ధతిని రష్యన్ విమర్శకులు 'స్కాజ్' అంటారు. బోరిస్ ఐఖెన్‌బామ్ 1919లో అచ్చయిన వ్యాసంలో ఈ కథ నడక మొత్తం శబ్దం మీదే ఉందని చూపించాడు. కథానాయకుడైన గుమాస్తాకి అకాకీ అకాకియెవిచ్ అన్న పేరే నత్తి నత్తిగా మోగుతుంది. ఇంటిపేరు బష్మాచ్కిన్ 'బష్మాక్' నుంచి వచ్చింది, అంటే బూటు. ఇంగ్లీషులో ఇదంతా అడుగున చిన్న నోటు అయిపోతుంది. ఇక్కడ మీరు శైలి గురించి సొంత తీర్పు ఇవ్వకూడదు. ఐఖెన్‌బామ్ ఏమన్నాడో ఇంగ్లీషులో చదివి, ఆయన మాటగానే చెప్పాలి.

అయితే ఇదే కథలో లెక్కలు మాత్రం భద్రంగా ఉన్నాయి. అకాకీ జీతం ఏడాదికి 400 రూబుళ్ళు. దర్జీ ముందు 150 పైమాటే అంటాడు, చివరికి 80కి తేలుతుంది. ఏడాది జీతంలో అయిదో వంతు ఒక కోటుకి! అతను సాయంత్రాలు టీ మానేసి, కొవ్వొత్తి వెలిగించడం మానేసి, చెప్పులు అరగకుండా మునివేళ్ళ మీద నడిచి దాచుకుంటాడు. దీనిమీద పది పేజీలు రాసినా మూలం చదవలేదన్న లోటు రాదు.

అన్నింటికంటే తరచుగా జరిగే పొరపాటు ఒకటి చెబుతాను. "దోస్తోయెవ్‌స్కీ వాక్యాలు నున్నగా, సమతూకంగా సాగుతాయి" అని రాస్తారు. అవి అనువాదకురాలు కాన్‌స్టన్స్ గార్నెట్ వాక్యాలు. ఆవిడ రష్యన్ నుంచి సుమారు 70 సంపుటాలు ఇంగ్లీషు చేసింది, టాల్‌స్టాయ్, దోస్తోయెవ్‌స్కీ, చెహోవ్ ముగ్గురూ ఆవిడ చేతిలో దాదాపు ఒకే గొంతుతో మాట్లాడతారన్నది పాత ఫిర్యాదే. అందుకే భాష గురించి ఏ వాక్యం రాసినా "గార్నెట్ అనువాదంలో" అన్న మాట ముందు పెట్టండి. వైవాలో మిమ్మల్ని కాపాడేది ఆ రెండు మాటలే.

పాత_ప్రతులు

అనువాదాల ఎంపిక గురించి. "ఏది మంచిది" అని కాకుండా "ఏ పనికి ఏది" అని అడగండి.

'యుద్ధము-శాంతి'కి లూయీజ్, ఎయిల్మర్ మాడ్ దంపతుల అనువాదం ఉచితంగా దొరుకుతుంది, చదవడానికి హాయిగా ఉంటుంది. కాకపోతే అందులో ఫ్రెంచి చాలావరకు ఇంగ్లీషైపోయింది. నవల 1805 జూలైలో పీటర్స్‌బర్గు విందులో మొదలవుతుంది, మొదటి మాటే ఫ్రెంచి. రష్యా పెద్దింటివాళ్ళు నెపోలియన్‌ని తిడుతున్నారు, ఆ తిట్టేది నెపోలియన్ భాషలో! ఆ సంగతి కంటికి కనబడాలంటే పీవియర్, వొలొఖోన్‌స్కయా 2007 అనువాదం చూడాలి. ఫ్రెంచిని పేజీలో అలాగే ఉంచి కింద అర్థం ఇచ్చారు. 'కన్యాశుల్కం'లో గిరీశం ఇంగ్లీషు ముక్కలన్నీ తీసేసి శుభ్రమైన తెలుగులో పెడితే గిరీశంలో ఏం మిగులుతుంది? టాల్‌స్టాయ్ ఫ్రెంచిని తీసేయడం అలాంటిదే. ఉత్తరాంధ్ర పాఠకుడికి దీన్ని వేరే వివరించక్కర్లేదు.

అధ్యాయాల సంఖ్యలతో జాగ్రత్త. రష్యన్‌లో ఇప్పుడు వాడే విభజన నాలుగు సంపుటాలు, వాటిలో వరసగా 3, 5, 3, 4 భాగాలు, ఆపైన ఉపసంహారం. మాడ్ దంపతుల ప్రతిలో అవే 15 పుస్తకాలుగా వరస నంబర్లతో ఉంటాయి. నతాషా పల్లెటూరి బాబాయి ఇంట్లో నాట్యం చేసే ఘట్టం రష్యన్ లెక్కలో రెండో సంపుటం, నాలుగో భాగం, ఏడో అధ్యాయం. మాడ్ లెక్కలో ఏడో పుస్తకం, ఏడో అధ్యాయం. విమర్శ గ్రంథం ఒక లెక్క వాడి, మీరు ఇంకో లెక్క వాడితే పరీక్షకుడు ఆ చోటు వెతికి దొరక్క విసుక్కుంటాడు. రెండు లెక్కలూ ఇచ్చేయండి.

'మాస్టర్ అండ్ మార్గరీటా' విషయంలో అనువాదకుల కంటే ముందు చూడాల్సింది వాళ్ళు ఏ రష్యన్ పాఠం నుంచి చేశారన్నది. బుల్గాకోవ్ 1928లో మొదలుపెట్టి 1940లో చనిపోయేదాకా దిద్దుతూనే ఉన్నాడు. 'మాస్క్వా' పత్రికలో 1966-67లో వచ్చినప్పుడు సెన్సారు చాలా కోసేసింది. మిర్రా గిన్స్‌బర్గ్ ఇంగ్లీషు ఆ కోసిన పాఠం నుంచే వచ్చింది. సోవియట్ దేశంలో కోతల్లేని పుస్తకం 1973కి గానీ రాలేదు. గిన్స్‌బర్గ్ చదివి "ఇక్కడ రచయిత మౌనం పాటించాడు" అని రాస్తే, ఆ మౌనం సెన్సారుదై ఉండొచ్చు. ముందుమాట చదవకుండా పుస్తకం మొదలుపెట్టొద్దు అనేది అందుకే.

రాసిన సంవత్సరం, అచ్చయిన సంవత్సరం విడివిడిగా వేసుకోవడం కూడా మరవొద్దు. కవయిత్రి అఖ్మాతోవా కావ్యం 'రెక్వియం' ఎక్కువ భాగం 1935-40 మధ్యది. పుస్తకంగా 1963లో మ్యూనిక్‌లో వచ్చింది, సొంత దేశంలో 1987లో. "1930ల పాఠకులు ఈ కావ్యాన్ని ఎలా స్వీకరించారు" అన్న ప్రశ్నకి అర్థమే లేదు. అప్పుడు అది కొద్దిమంది ఆప్తుల జ్ఞాపకంలో మాత్రమే ఉంది.

సిరిలిక్_33

భాష నేర్చుకోకపోయినా లిపి నేర్చుకోండి. 33 అక్షరాలే. రోజుకి అరగంట చొప్పున రెండు వారాలు చాలు. మోసం చేసేవి కొన్నే: ఇంగ్లీషు పి లా కనిపించేది 'ర', హెచ్ లా ఉన్నది 'న', బి లా ఉన్నది 'వ', సి ఎప్పుడూ 'స', ఎక్స్ లా ఉన్నది 'ఖ'కి దగ్గర. వీటిని ముందు పట్టుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి.

లాభం ఏమిటంటే, రష్యన్ వికీసోర్స్‌లో నవల తెరిచి, అధ్యాయం సంఖ్యని బట్టి, పాత్రల పేర్లని బట్టి మీకు కావలసిన పేరా వెతుక్కోగలరు. అనుమానం ఉన్న మాటని ఆన్‌లైన్ నిఘంటువు విక్షనరీలో పెట్టి ధాతువు చూడగలరు. రష్యన్ నామవాచకానికి ఆరు విభక్తులు. మాట తోక మారి కనిపించినా విక్షనరీ సాధారణంగా మూల రూపానికి దారి చూపిస్తుంది.

ఒక్క ఉదాహరణ. 'నేరము-శిక్ష' రష్యన్ పేరు 'ప్రెస్తుప్లేనియే ఇ నకజానియే'. మొదటి మాటలోని 'స్తుప్' అంటే అడుగు. గీత దాటి అడుగు వేయడం. ఇంగ్లీషు మాటలో ఆ అడుగు లేదు. మన 'అతిక్రమణ'లో ఉంది, 'క్రమ' అంటే అడుగే కదా! రస్కోల్నికోవ్ "దాటడం" గురించి అంతలా ఎందుకు మథనపడతాడో దీంతో తెలుస్తుంది. అతని ఇంటిపేరు 'రస్కోల్' నుంచి వచ్చింది, అంటే చీలిక. 17వ శతాబ్దంలో చర్చి చీలినప్పుడు పాత ఆచారాన్ని వదలనివాళ్ళని రస్కోల్నికులు అనేవారు.

యంత్రానువాదాన్ని మాత్రం సాక్ష్యంగా చూపించకండి. ఎక్కడ చూడాలో తెలుసుకోవడానికి వాడుకోండి, అంతవరకే.

ద్వారకానగర్_రీడర్

తెలుగు అనువాదాల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. పక్కన తప్పకుండా పెట్టుకోండి. కొన్ని చోట్ల తెలుగు ఇంగ్లీషు కంటే రష్యన్‌కి దగ్గర.

రష్యన్‌లో 'తీ', 'వీ' ఉన్నాయి, మన నువ్వు, మీరు లాగా. పూష్కిన్ 1828లో ఈ రెండు మాటల మీదే ఒక చిన్న కవిత రాశాడు: ఆమె పొరపాటున మీరు బదులు నువ్వు అనేసింది, ప్రేమికుడి గుండె ఎగిరి గంతేసింది. ఇంగ్లీషులోకి ఇది రావాలంటే అనువాదకుడు తిప్పలు పడాలి. తెలుగులో అడగకుండానే వచ్చేస్తుంది. పేరుకి తండ్రిపేరు చేర్చి "రొదియోన్ రొమానొవిచ్" అనడం మన 'గారు' చేసే పనే చేస్తుంది, అదే మనిషిని తల్లి "రోద్యా" అంటుంది. చదివేటప్పుడు పుస్తకం అట్టలోపల ప్రతి పాత్రకీ మూడు రూపాలూ రాసుకోండి: ఇంటిపేరు, తండ్రిపేరుతో పిలుపు, ముద్దుపేరు. ద్మీత్రీ, మీత్యా ఒకరే. అలెక్సేయ్, అల్యోషా ఒకరే. ఇది చేయక యాభయ్యో పేజీలో పుస్తకం మూసేసేవాళ్ళే ఎక్కువ.

కానీ తెలుగు అదనంగా చేర్చేదీ ఉంది. రష్యన్‌లో మగవాడికి 'ఓన్' ఒక్కటే. తెలుగు అనువాదకుడు వాడు, అతను, ఆయనల్లో ఒకటి ఎంచుకోవాలి. రస్కోల్నికోవ్ 'అతను' అయి, హత్య తర్వాత కూడా 'అతను'గానే ఉంటే అది అనువాదకుడి తీర్పు. రచయిత ఇచ్చిన తీర్పు కాదు. చాకలామెకి 'అది', దొరసానికి 'ఆవిడ' అని పెట్టినా అంతే. డిసర్టేషనుకి ఇంతకంటే మంచి అంశం వెతకక్కర్లేదు: ఒక నవల తెలుగు అనువాదంలో సర్వనామాలు ఎవరికి ఏవి పడ్డాయి, ఎక్కడ మారాయి. దీనికి రష్యన్‌లో మీకు తెలియాల్సినవి నాలుగైదు మాటలే, ఆధారమంతా మీ మాతృభాషలో ఉంటుంది.

పుస్తకాలకి దారి: ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, యూనివర్సిటీలో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, విశాలాంధ్ర పుస్తకాల దుకాణం, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన రాదుగ, ప్రగతి ప్రచురణలు. మాస్కోలో తెలుగు విభాగంలో ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు లాంటివాళ్ళు కూర్చుని చేసిన పని అది. లోపలి పేజీలో ఏ భాష నుంచి అనువదించారో ఉందేమో చూసి నోట్ చేసుకోండి. ఇంగ్లీషు మీదుగా వచ్చినదాన్ని రష్యన్ నుంచి నేరుగా వచ్చినట్టు వాడితే వాదం కూలిపోతుంది. దాగెస్తాన్ కవి రసూల్ గమ్జాతోవ్ లాంటివారి దగ్గర ఇంకో మెట్టు ఉంది: ఆయన రాసింది అవార్ భాషలో, రష్యన్ కూడా అక్కడ అనువాదమే.

వెతికేటప్పుడు అక్షరక్రమం ఇబ్బంది పెడుతుంది. టాల్‌స్టాయ్, తోల్‌స్తోయ్, చెహోవ్, చెకోవ్, చేహొవ్, దోస్తోయెవ్‌స్కీ, దాస్తొవిస్కీ. అన్నీ కొట్టి చూడండి. ఇంగ్లీషు క్యాటలాగులో దోస్తోయెవ్‌స్కీ మధ్యలో వై ఉండీ, లేకుండానూ దొరుకుతాడు, చివర వై బదులు రెండు ఐలతోనూ ఉంటాడు. పాత ప్రతుల్లో చెహోవ్ 'టి' అక్షరంతో మొదలవుతాడు, మీరేమో 'సి' దగ్గర వెతుకుతూ ఉంటారు.

మద్దిలపాలెం_పాఠకురాలు

అందరికీ చాలా కృతజ్ఞతలండీ. సర్వనామాల ఆలోచన నాకు చాలా నచ్చింది. ఇంకో రెండు. సంస్కృతి భాగానికి కనీసం ఏం తెలిసుండాలి? రావిశాస్త్రిగారి 'అల్పజీవి'ని 'ఓవర్‌కోటు'తో పోలిస్తే బాగుంటుందా?

అనువాద_పాఠం

సంస్కృతికి పెద్ద పుస్తకంతో మొదలుపెట్టకండి. ఒక కాగితం మీద కొన్ని లెక్కలు రాసుకుని దాన్ని నవలలో పెట్టుకోండి.

1722లో పీటర్ చక్రవర్తి పెట్టిన ఉద్యోగాల పట్టిక, 14 మెట్లు. అకాకీది తొమ్మిదో మెట్టు. ఆ కథ వచ్చిన కాలానికి ఎనిమిదో మెట్టు ఎక్కితే వంశపారంపర్యంగా ప్రభువర్గంలో చేరతారు. అంటే అతను గీతకి సరిగ్గా ఒక మెట్టు కింద ఆగిపోయిన మనిషి. గొగోల్ 'ముక్కు' కథానాయకుడు ఎనిమిదో మెట్టువాడు, అందుకే అంత బడాయి. ఈ పట్టిక తెలియకపోతే రెండు కథల్లోనూ సగం పదును పోతుంది.

1861లో అర్ధబానిస రైతులకి విముక్తి. 'చెర్రీ తోట'లో (1904) ముసలి నౌకరు ఫీర్స్ "ఆ అరిష్టానికి ముందు" అంటాడు. ఏ అరిష్టం అంటే "విముక్తి" అంటాడు. ఆ తేదీ తెలియనివాళ్ళకి ఇది ముసలితనపు చాదస్తంలా వినిపిస్తుంది. ఆ తోట కొన్న లొపాహిన్ తండ్రీ తాతా అదే ఎస్టేటులో బానిసలు. నాటకం మొత్తం ఈ రెండు మాటల మధ్య ఉంది.

కేలండరు: 19వ శతాబ్దంలో రష్యా తేదీ మనదానికంటే 12 రోజులు వెనక, 1900 నుంచి 13 రోజులు. 1918లో జనవరి 31 తర్వాతి రోజుని ఫిబ్రవరి 14 చేశారు. అక్టోబరు విప్లవం నవంబరు 7న రావడం అందుకే. కొలతలు: వెర్స్టు కిలోమీటరు కంటే కాస్త ఎక్కువ, పూడు 16 కిలోల పైచిలుకు, దెస్యతీనా సుమారు 2.7 ఎకరాలు. ఇంతకు మించి మొదట్లో అక్కర్లేదు. సినిమాలకి రష్యన్ స్టూడియో మాస్‌ఫిల్మ్ వాళ్ళ యూట్యూబు ఛానల్ ఉంది, చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు ఉంటాయి.

'అల్పజీవి' సంగతి. రష్యన్ విమర్శలో 'చిన్న మనిషి' అనే మాట ఒకటి ఉంది, అకాకీలాంటి చిరుద్యోగుల గురించి. విశాఖ రచయిత తన నవలకి 'అల్పజీవి' అని పేరు పెట్టాడంటే చెయ్యి దానంతట అదే పోలికవైపు వెళుతుంది. చేయండి. కానీ పోలికని ప్రభావం అనొద్దు. రావిశాస్త్రి గొగోల్‌ని చదివి రాశాడని చెప్పాలంటే ఉత్తరమో, వ్యాసమో, ఇంటర్వ్యూనో చూపించాలి. అది లేకపోతే "ఇద్దరు గుమాస్తాలు, రెండు వ్యవస్థలు" అని సమాంతరంగా నడపండి. 'అల్పజీవి' కథానాయకుడు సుబ్బయ్య భయం లోపలినుంచి, అతని ఆలోచనల్లోంచి తెలుస్తుంది. అకాకీని కథకుడు బయట నిలబడి చూస్తాడు, అకాకీ చేత చాలాచోట్ల వాక్యం కూడా పూర్తిగా చెప్పించడు. ఈ తేడా పట్టుకుంటే అధ్యాయం మొత్తం అందులోంచే వస్తుంది.

పాత_ప్రతులు

సర్వనామాల అంశమే తీసుకుంటే పని ఇలా చేయండి. నవలంతా వద్దు, మనుషుల మధ్య దూరం మారే ఘట్టాలు నాలుగు ఎంచుకోండి, ఒక్కోటి రెండు మూడు పేజీలు. ప్రతి ఘట్టానికీ తెలుగు, రెండు ఇంగ్లీషు అనువాదాలు, రష్యన్ పేరా పక్కపక్క వరసల్లో పెట్టండి. రష్యన్ వరసలో తీ, వీ, ఓన్, అనా (ఆమె) రూపాల కింద గీత గీయండి. విభక్తుల వల్ల 'తెబ్యా', 'వామ్', 'యెవో' లాగా మారతాయి, కాబట్టి ఆ రూపాల పట్టిక ముందే రాసుకోవాలి. దాదాపు ఇరవై ఉంటాయి. సర్వనామం లేకుండా క్రియ ఒక్కటే ఉన్నచోట దాని తోకని బట్టి నువ్వా, మీరా అన్నది తెలుస్తుంది, ఇక్కడే ఎక్కువ తప్పులు పోతాయి. రష్యన్ వచ్చినవాళ్ళ చేత ఆ పది పన్నెండు పేజీలూ ఒకసారి సరిచూపించి, ఆ సంగతి పద్ధతుల అధ్యాయంలో రాయండి.

వైవాలో ఆ ప్రశ్న వస్తే ఆ పట్టిక తెరిచి చూపించండి. మీరు చేసింది తెలుగు అనువాద పరిశీలన, రష్యన్ శైలి మీద తీర్పు ఇవ్వలేదు అన్న సంగతి శీర్షికలోనే ఉండాలి. "దోస్తోయెవ్‌స్కీ శైలి" అని పేరు పెట్టి లోపల అనువాదం గురించి రాస్తే ఎంత బాగా రాసినా ఆ ప్రశ్నకి జవాబు ఉండదు.

సిరిలిక్_33

తర్వాత పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఇప్పుడే తెలుసుకోవాల్సింది ఒకటుంది. రష్యన్ అధ్యయనాల విభాగంలో చేరాలంటే భాష రావాల్సిందే. ఇంగ్లీషు, తెలుగు, తులనాత్మక సాహిత్యం విభాగాల్లో అనువాదం మీద పనిచేసే వీలుంది, యూజీసీ నెట్ పరీక్షలో తులనాత్మక సాహిత్యం విడి సబ్జెక్టుగా ఉంది. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ తమ ఉద్యోగులకి రష్యన్‌కి వేసే లెక్క 44 వారాలు, 1100 తరగతి గంటలు. రోజుకి గంట చొప్పున అయితే మూడేళ్ళు. ఎంఏ మొదటి సెమిస్టరులో లిపి మొదలుపెట్టినవాళ్ళు పరిశోధనకి వచ్చేసరికి నిఘంటువు పక్కన పెట్టుకుని చెహోవ్ చిన్న కథ చదవగలుగుతారు. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రష్యన్ విభాగం ఉంది, అక్కడి కోర్సుల నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.